ఎడమ మోకాలి మీద సుద్ద గుర్తు

ఆ వేసవి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: అరవై మూడు పాత తలుపులు, వందకి పైగా కిటికీ చట్రాలు, వాన పడితే మూడుచోట్ల కారే రేకుల షెడ్డు, చెక్కని వాసన చూసి దాని వయసు చెప్పగల భార్య, ఐదడుగుల పదకొండంగుళాల కూతురు. ఇందులో కదలిక లేకుండా పడి ఉన్నవి రెండే. ఒకటి, ఎవరి గోడకీ నప్పని గుండ్రటి కిటికీ. రెండోది మా అమ్మాయి.

కూల్చేసిన ఇళ్ళ నుంచి తలుపులూ కిటికీలూ కొని, బాగుచేసి అమ్మడం నా వ్యాపారం. మా ఆవిడ గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెడుతుంది, నేను బేరం చేస్తాను. అటక మీద ఏముందో అమ్మాయి కింద నిలబడే చెయ్యి చాచి అందిస్తుంది కాబట్టి షెడ్డులో ఆమెకి నిచ్చెన అని పేరు. మా షెడ్డులో రెండు పద్ధతులుండేవి. తరవాత జరిగిందంతా వాటివల్లే జరిగింది కనక ముందే చెప్పేస్తాను.

తలుపుకి పుచ్చో, పగులో, వంకరో ఉంటే దాని మీద సుద్దతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, ఆ గుర్తున్న వైపు గోడకి తిప్పి ఆనించేవాణ్ణి. లోపం నాకు తెలియాలి, కొనేవాడు అడిగితేగా చెప్పడానికి. ఇక రెండోది నా కుడిచెవి. కొనేవాడు ఊగిసలాడుతున్నప్పుడు నేను చెవి గోక్కుంటాను. అప్పుడు నిచ్చెన ఎక్కడున్నా సరే, "నాన్నా, ఆ తలుపు వేరేవాళ్ళకి చెప్పేశాం కదా" అంటుంది. ఏడేళ్ళ వయసు నుంచి అంటోంది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ మాటతో వెళ్ళిపోబోయినవాళ్ళు ఎంతమంది వెనక్కి తిరిగారో నాకు తెలుసు.

మా ఊళ్ళో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ లీగులో ఎనిమిది జట్లు. మిల్లుకొకటి, బస్సు డిపోకొకటి, ఆసుపత్రికొకటి, అలా. వరసగా మూడేళ్ళు కప్పు కొట్టింది మిల్లు జట్టు. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళప్పుడు వాళ్ళే వచ్చి అడిగి తీసుకున్నారు. పద్నాలుగో నంబరు చొక్కా ఇచ్చారు. ఆ చొక్కాతో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఒక సీజను అయిపోయింది. రెండో సీజను మొదలై మూడు మ్యాచ్‌లయ్యాయి. మూడోది చూడ్డానికి షెడ్డు మూసి వెళ్ళాను.

మిల్లు వాళ్ళ హాలు బాగుంటుంది. చెక్క నేల, అతుకు కనపడకుండా పరిచారు. ఆట కన్నా ముందు నేను నేలనే చూశానని ఒప్పుకుంటాను. మా అమ్మాయి బెంచీ చివర కూర్చుని, ఆడి వచ్చినవాళ్ళకి తువ్వాళ్ళు అందిస్తోంది. వాళ్ళు విసిరేసినవి మళ్ళీ మడతపెడుతోంది. ఒకామె చీలమండ మెలిపడి బయటికొస్తే కోచ్ బెంచీ వైపు చూసి, నా కూతురిని దాటి, పక్కనున్న ముప్పై ఏళ్ళావిడని పంపాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఇప్పటికి ఎంతసేపు ఆడావే?"

"నిమిషం నలభై సెకన్లు."

"ఇవాళా?"

"ఈ సీజను మొత్తం."

తనే చెప్పింది. "కోచ్‌కి వయసు కావాలి నాన్నా. కుర్రవాళ్ళు తప్పులు చేస్తారట. ఆడితేగా తప్పులు చేసేది."

"వచ్చే ఏడు ఆడిస్తాడేమో."

"వచ్చే ఏడు నాకు ఇరవై దాటుతాయి. ఇరవై లోపు వాళ్ళ రాష్ట్ర జట్టు ఎంపికకి పిలవాలంటే లీగులో పది మ్యాచ్‌లు పూర్తిగా ఆడి ఉండాలి. ఈ సీజనుకి పద్నాలుగు. మూడు పోయాయి. వచ్చే శనివారం లోపల ఇంకోటి పోతుంది."

"శనివారం ఏముంది?"

"మార్పిడికి ఆఖరి రోజు. ఆ తరవాత ఎవరూ జట్టు మారకూడదు."

పద్నాలుగులో నాలుగు పోతే పది. ఒక్కటి కూడా అటూ ఇటూ కాకూడదు. వ్యాపారంలో అంత ఇరుకు బేరం నేనెప్పుడూ ముట్టుకోలేదు. కానీ నాకు తలుపుల సంగతి తెలుసు. ఎంత మంచి చెక్కైనా బిగించకుండా గోడకి ఆనించి ఉంచితే ఏడాదిలో వంగిపోతుంది. ఆ తరవాత ఏ చట్రంలోనూ పట్టదు.

మార్పిడి ఎలా జరుగుతుందో కనుక్కున్నాను. మనిషికి మనిషి. రెండు క్లబ్బుల సెక్రటరీలూ కాగితం మీద సంతకాలు పెట్టాలి. కానీ సంతకంతో అయిపోదు. ఆ ఇద్దరు ఆటగత్తెలూ రెండు క్లబ్బుల వాళ్ళ ఎదురుగా చొక్కాలు విప్పి ఒకరి చేతికొకరు ఇచ్చుకోవాలి. చొక్కాలు చేతులు మారేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. మారాక ఎవరూ తగ్గడానికి లేదు. ఈ నియమం విన్నప్పుడు నాకు నచ్చింది. సరుకు చేతిలో పడ్డాకే బేరం పూర్తయినట్టు.

మర్నాడు పొద్దున్నే మిల్లు క్లబ్ సెక్రటరీ గదికి వెళ్ళాను. బల్ల నిండా కప్పులు. ఆయన వాటి మధ్య నుంచి తొంగిచూశాడు.

"ఏమయ్యా తలుపుల షావుకారూ, ఇలా దారి తప్పావు?"

"మా అమ్మాయి విషయం సార్."

ఇక్కడ నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ గదిలో నేను కొనడానికి వచ్చినవాణ్ణి. కొనేవాడు సరుకుని పొగడకూడదని నేను పాతికేళ్ళుగా పదిమందికి చెప్పినవాణ్ణి. కానీ నోరు వ్యాపారిది కాదు, తండ్రిది. ఎగిరితే షెడ్డు దూలాన్ని ఎలా ముడుతుందో చెప్పాను. పొద్దున ఐదింటికే లేచి ఎన్నిసార్లు బంతి వేస్తుందో చెప్పాను. రెండు చేతులూ ఒకేలా ఆడతాయని చెప్పాను. ఆపకుండా చెప్పాను. సెక్రటరీ మొదట కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నేను ఆపేసరికి రెండు మోచేతులూ బల్ల మీద ఉన్నాయి.

"ఇంత బంగారాన్ని మేము ఎవరికైనా ఇస్తామా?"

"మరి ఆడించండి సార్."

"దేనికైనా సమయం రావాలి కదయ్యా."

"ఎప్పుడొస్తుందండీ?"

"వచ్చినప్పుడు వస్తుంది." ఆయన నవ్వాడు. "ఇంకెవరైనా అడిగారా ఏంటి?"

నా మొహం జవాబు చెప్పేసిందని ఆయన కళ్ళలోనే చూశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె ఒక కిటికీ రెక్కని రుద్దుతూ తల ఎత్తలేదు.

"వాడి తలుపు కొనడానికి వెళ్ళి, ఎంత బాగుందో వాడికే చెప్పి వచ్చావన్నమాట."

"అవును."

"బాగుంది. ఇంకేం చేస్తావు?"

"విప్పిన మేకుల్ని మళ్ళీ కొట్టాలి."

అడిగినవాళ్ళు నిజంగానే ఉన్నారు. డిపో జట్టు. దానికి కోచ్ ఒక కండక్టరమ్మ. ఏడో నంబరు బస్సులో టికెట్లు కొడుతుంది, సాయంత్రాలు డిపో వెనక సిమెంటు గచ్చు మీద జట్టుని పరిగెత్తిస్తుంది. "మీ అమ్మాయిని ఇప్పించన్నా, పూర్తి మ్యాచ్ ఆడిస్తా. తప్పులు చేస్తే నాకే చేస్తుంది" అని పోయినేడాదే అంది. ఇప్పుడు వెళ్ళి బదులు ఎవరినిస్తావంటే కాసేపు ఆలోచించి, "మా పెద్దక్కని" అంది. పెద్దక్క ఆ జట్టు కెప్టెన్. డిపోలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా. ముప్పై మూడేళ్ళు. పన్నెండేళ్ళుగా ఆడుతోంది. బంతి పోగొట్టుకోదు, పిచ్చి ఎగురుళ్ళు ఎగరదు.

అంటే మిల్లు కోచ్‌కి ఏది ఇష్టమో సరిగ్గా అదే.

బేరం నా కళ్ళ ముందు నిలబడి ఉంది. అడ్డంగా ఉన్నది నేను పొగిడిన పొగడ్త ఒక్కటే.

రెండు రోజులాగి మళ్ళీ సెక్రటరీ గదికి వెళ్ళాను. ఈసారి తలుపు మూసి, గొంతు తగ్గించాను.

"ఒక్క మాట సార్. మీ చెవిన వేసి వెళ్దామని. అమ్మాయికి ఎడమ మోకాలు బాగాలేదు."

"ఏమైంది?"

"మెట్లు దిగుతుంటే టక్కుమంటోంది. రాత్రుళ్ళు వాస్తోంది. చూపించుకుందామంటే వినదు. మీరు దయచేసి తనని ఇక్కడే ఉంచండి సార్. బెంచీ మీదైతే మోకాలికి విశ్రాంతిగా ఉంటుంది."

ఆయన పెన్ను కింద పెట్టాడు. నేను లేవబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాను.

"ఆ డిపో వాళ్ళు మా అమ్మాయి కోసం వాళ్ళ కెప్టెన్‌ని ఇస్తామంటున్నారట. ఒప్పుకోకండి. అక్కడ పూర్తి మ్యాచ్ ఆడిస్తే పిల్ల కుంటిదైపోతుంది."

"కెప్టెన్‌నా?" ఆయన కాసేపు కప్పుల వైపు చూశాడు. "ఈ మోకాలి సంగతి నువ్వు వాళ్ళతో అన్నావా?"

"ఛ ఛ."

"అనకు."

ఆ సాయంత్రానికే మిల్లు సెక్రటరీ సంతకంతో కాగితం డిపోకి చేరింది. నేను షెడ్డుకొచ్చి గుండ్రటి కిటికీ మీద దుమ్ము దులిపాను. అంత హుషారుగా ఉన్నాను ఆ రోజు.

లోపముందని చెప్పినప్పుడు, ఆ లోపం ఎక్కడిదాకా వెళ్తుందో నేను లెక్కవెయ్యలేదు. సెక్రటరీ కోచ్‌తో అన్నాడు. కోచ్ ఇంటికెళ్తూ బస్సులో పక్క సీటాయనతో టక్కుమనడం, వాయడం అన్నీ చెప్పి, "పాడైపోయిన మోకాలిని డిపోకి అంటగడుతున్నాం" అని నవ్వాడు. అది ఏడో నంబరు బస్సని, టికెట్లు కొడుతున్నది ఎవరని ఆయన చూసుకోలేదు.

మంగళవారం పొద్దున కండక్టరమ్మ డ్యూటీ చొక్కాతోనే, టికెట్ల సంచి భుజానుండగానే షెడ్డులోకొచ్చింది. నిచ్చెన అటక మీద చట్రాలు సర్దుతోంది.

"అన్నా, పుచ్చిన తలుపుల్ని గోడకి తిప్పి పెడతావని ఊరందరికీ తెలుసు. కన్న కూతుర్ని కూడా అలాగే పెడతావనుకోలేదు."

"ఏమైందమ్మా?"

"ఎడమ మోకాలు. టక్కుమంటోందటగా. రాత్రుళ్ళు వాస్తోందటగా."

అటక మీద చప్పుడు ఆగిపోయింది.

"అది నేను సెక్రటరీతో చెప్పిన అబద్ధం. వాళ్ళు వదలాలని చెప్పాను. మోకాలు బంగారంలా ఉంది."

"వాళ్ళతో చెప్పింది అబద్ధమా, నాతో చెప్తున్నది అబద్ధమా? రెండు ఊళ్ళ పేర్లు చెప్పి ఒక్క టికెట్టు కొట్టమంటే ఎలాగన్నా?"

మా ఆవిడ చేతిలో గరుకు కాగితం పక్కన పెట్టింది. "ఈ ఒక్కసారికి నిజమే చెప్తున్నాడమ్మా. మొహం చూడు, అలవాటు లేక ఎలా అయిపోయిందో."

కండక్టరమ్మ నవ్వలేదు. "నా జట్టులో ఉన్న ఒక్క గట్టి మనిషిని ఇచ్చి నేను కుంటిపిల్లని తెచ్చుకోలేను. మా సెక్రటరీ సంతకం కూడా అయింది కానీ కాగితం నా దగ్గరే ఉంది. చింపేస్తాను."

"ఆడి చూసుకోండి." అటక మీద నుంచి మాట వచ్చింది. నిచ్చెన కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. "శనివారం చొక్కాల ముందు మీ పెద్దక్కతో నన్ను ఆడించండి. ముందు పదకొండు బుట్టలు వేసినవాళ్ళది గెలుపు. మోకాలు బాగుందో లేదో మీ కళ్ళతోనే చూసుకోండి."

"అదీ మాటంటే" అంది కండక్టరమ్మ. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

"బాగా చెప్పావే" అన్నాను.

"నీకోసం కాదు. మోకాలి కోసం."

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి ఆమె ఎడమ మోకాలి మీద సుద్దతో అడ్డంగా రెండు గీతలున్నాయి. నా సుద్ద, నా గుర్తు. ఆ కాలు నా వైపు చాపి కూర్చుంది.

"తుడుచుకో" అన్నాను.

"అమ్మా, పుచ్చిన సరుక్కి కూడా భోజనం పెడతారా, లేక గోడకి తిరిగి కూర్చోమంటారా?"

"నా చేతి వంట తినేవాళ్ళెవరూ పుచ్చినవాళ్ళు కాదు, మీ నాన్నతో సహా. తినండి ఇద్దరూ."

ఆ తరవాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. షెడ్డులో పని మానలేదు, అడిగినవి అందించింది. కానీ రోజూ పొద్దున్నే ఆ గుర్తు కొత్తగా పెట్టుకునేది. శుక్రవారం మిల్లు హాల్లో నాలుగో మ్యాచ్. ఆ గుర్తుతోనే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. పక్కనున్నావిడ ఇదేంటని అడిగితే, "మా నాన్న చేతిరాత" అందట.

నా బెంగ వేరే ఉంది. శనివారం ఆటలో కాలు తడబడితే డిపో వాళ్ళు వద్దంటారు. గెలిస్తే మిల్లు వాళ్ళు వదలరు. మా అమ్మాయి పడకూడదు, గెలవనూ కూడదు. పెద్దక్క చేతిలో గౌరవంగా ఓడిపోతే రెండు వైపులా సరుకు నచ్చుతుంది. ఎవరికి వాళ్ళు తామే లాభపడ్డామనుకుని ఇంటికెళ్తారు. నా జీవితంలో నేను కట్టిన బేరాలన్నిటిలో అంత సరిగ్గా అమరింది లేదు. ఈ మాట మా ఆవిడతో చెప్పి పంపాను. ఆమె వెళ్ళి వచ్చింది.

"ఏమంది?"

"విన్నానని చెప్పమంది."

"చేస్తుందా?"

"విన్నానని చెప్పమంది."

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ డిపో వెనక చేరాం. ఒక పక్క బస్సులు కడిగే గచ్చు, ఇంకో పక్క డీజిల్ పంపు, మధ్యలో రెండు ఇనప స్తంభాలకి బుట్టలు. సిమెంటు నేల పగుళ్ళలో తారు పోసి అతికారు. డ్రైవర్లు టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని టైర్ల మీద కూర్చున్నారు. మిల్లు సెక్రటరీ, కోచ్ నీడపట్టున మెట్ల మీద కూర్చున్నారు. మోకాలు పది నిమిషాలు ఓపిక పడితే చాలన్నట్టుంది సెక్రటరీ మొహం. నన్ను చూసి కన్ను కొట్టాడు.

పెద్దక్క రెండు మోకాళ్ళకీ పట్టీలు చుట్టుకుంటోంది. పొడుగ్గా, ఎముకలు కనపడేలా ఉంటుంది. ఒక్కో చుట్టూ పళ్ళు బిగించి లాగుతోంది. మా అమ్మాయి పద్నాలుగో నంబరు చొక్కాలో వచ్చింది. మోకాలి మీద సుద్ద గుర్తు అలాగే ఉంది.

"ఏం పిల్లా, అది ఏ దేవుడి గుర్తు?" అని ఒక డ్రైవరు అడిగాడు.

"మీ బస్సులకి రాస్తారు కదా బాబాయ్, బ్రేకులు పరీక్షించాలని. అదే."

డ్రైవర్లు నవ్వారు. కండక్టరమ్మ ఈల వేసింది.

పెద్దక్క మొదటి నాలుగు బుట్టలూ వరసగా వేసింది. పరిగెత్తలేదు. ఎటు వెళ్తున్నట్టు కనపడిందో అటు వెళ్ళలేదు, అంతే. మా అమ్మాయి గాలిలోకి లేచేసరికి ఆవిడ పక్కకి జరిగి మెల్లగా బంతి వదిలేది. కోచ్ సెక్రటరీ భుజం తట్టి, "చూశారా, అనుభవం" అన్నాడు. నాకూ లోపల కుదుటపడింది.

ఐదు, రెండు. ఏడు, నాలుగు. తరవాత పెద్దక్క ఊపిరి వినపడటం మొదలైంది. మా అమ్మాయి దూరం నుంచి ఒకటి వేసింది. అడ్డుకుని లాక్కుని ఇంకోటి వేసింది. ఎనిమిది, ఏడు. డ్రైవర్లు డబ్బాలు మూసేశారు. తొమ్మిది, తొమ్మిది.

బంతి మా అమ్మాయి చేతిలో ఉంది. నేలకి కొడుతూ నా వైపు తిరిగింది. నాలుగు రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

నేను కుడిచెవి గోక్కున్నాను.

చూసింది. చూసిందని నాకు తెలుసు. ఏడేళ్ళ నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా ఎన్ని వందలసార్లు చూసిందో. బంతిని చంకలో పెట్టుకుని, అరచేతులు చొక్కాకి తుడుచుకుంది. పెద్దక్కతో ఏదో అంది, నాకు వినపడలేదు. పెద్దక్క తలూపింది.

పదోది చాలా దూరం నుంచి వేసింది. వలకి తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

పదకొండోది ఎడమ వైపు నుంచి వచ్చింది. రెండు అంగలు వేసి, రెండో అంగలో ఎడమకాలు గట్టిగా మోపి లేచింది. మొత్తం ఒళ్ళు ఆ ఒక్క మోకాలి మీదే లేచింది. సుద్ద గుర్తు నా కంటికి ఎదురుగా పైకి వెళ్ళడం చూశాను. పెద్దక్క చెయ్యి అందలేదు. బంతిని బుట్టలో పెట్టి, రెండు కాళ్ళ మీద కిందికి దిగింది.

డ్రైవర్లు టైర్ల మీద నుంచి లేచారు. నేను మెట్ల వైపే చూస్తున్నాను. సెక్రటరీ అప్పటికే లేచి నిలబడ్డాడు. మొహంలో ఆ కన్ను కొట్టినప్పటి కులాసా లేదు. కోచ్ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి మెట్లు దిగుతున్నాడు. అయిపోయింది అనుకున్నాను. పదకొండు మెట్లున్నాయి. నాలుగో మెట్టు మీదున్నప్పుడు పెద్దక్క చొక్కా తల మీద నుంచి లాగేసింది. లోపల మామూలు బనీను వేసుకుని ఉంది. మా అమ్మాయి పద్నాలుగో నంబరుని ఆమె కన్నా ముందే విప్పేసింది. ఒకరి చేతికొకరు ఇచ్చుకున్నారు.

"ఆగండాగండి" అన్నాడు సెక్రటరీ గచ్చు మీద కాలు పెడుతూ. "మేము ఇంకా మాట్లాడుకోవాలి."

కండక్టరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టికెట్ల సంచిలో వేసి, జిప్పు లాగింది.

"బస్సు కదిలింది సార్."

"ఆ పిల్ల మోకాలు..."

"మోకాలికేమైంది సార్?" అంది ఆమె. "మీరు ఏమైనా చెప్పాల్సింది చెప్పలేదా?"

సెక్రటరీ ఆమెని చూశాడు, డ్రైవర్లని చూశాడు, చివరికి నన్ను చూశాడు. ఏం చెప్పినా ముందు తను దాచిన సంగతి చెప్పుకోవాలి. పెద్దక్క పద్నాలుగో నంబరు చొక్కా వేసుకుంటూ ఆయన దగ్గరికొచ్చి, "సోమవారం ప్రాక్టీసు ఎన్నింటికి సార్?" అని అడిగింది. ఆరింటికన్నాడు.

బస్సులు కడిగే పంపు దగ్గర మా అమ్మాయి మొహం కడుక్కుంటోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"చెవి గోక్కున్నాను."

"చూశాను. దోమ కుట్టిందేమో అనుకున్నాను."

"ఆయన ఆరడుగులు ముందుంటే అంతా పోయేదే."

"పోయేది కాదు. ఎవరు గెలిచినా ఈల ఆగేలోపల చొక్కాలు విప్పాలని అనుకున్నాం." మొహం మీది నీళ్ళు చేత్తో తుడిచింది. "ఆవిడ్ని నేను మంగళవారం సాయంత్రమే అడిగాను. టికెట్ల కిటికీ దగ్గర లైన్లో నిలబడి అడిగాను. నువ్వు సెక్రటరీని అడిగావు, కండక్టరక్కని అడిగావు. ఆవిడ్ని ఎవరూ అడగలేదు నాన్నా."

నిజమే. నాకు తట్టనేలేదు.

"ఏమంది?"

"పన్నెండేళ్ళు సిమెంటు మీద దూకాను, ఇంకో రెండేళ్ళు ఆడాలంటే చెక్క నేల కావాలి అంది. వస్తానంది. కానీ ఒక్క షరతు. నేను నిజంగా ఆడాలి. ఓడిపోయినట్టు నటిస్తే రానంది. 'కుంటిపిల్లకి బదులుగా ఇచ్చిన మనిషిని అనిపించుకుని ఆ హాల్లో అడుగుపెట్టను' అంది."

నేను నా కూతురి మోకాలు ఒక్కటే తక్కువ చేశాననుకున్నాను. పెద్దక్కవీ కలిపి రెండు జతలు తక్కువ చేశాను.

ఆమె వంగి మోకాలి మీద నీళ్ళు పోసుకుంది. సుద్ద తెల్లగా కారి గచ్చు మీది నీళ్ళలో కలిసిపోయింది. "పద, ఆకలేస్తోంది" అంది. ఆ మాట నాతోనే అంది.

ఆ తరవాత పది మ్యాచ్‌లూ ఆడింది. నాలుగు గెలిచారు, ఆరు ఓడారు. డిపో ఐదో స్థానంలో ఆగింది. తప్పులు చేసింది, చాలా చేసింది. ప్రతి తప్పుకీ కండక్టరమ్మ పక్కనుంచి "దిగు, దిగు, వెనక సీటు ఖాళీ ఉంది" అని అరిచేది కానీ ఒక్కసారి కూడా దింపలేదు. మిల్లు నాలుగోసారి కప్పు కొట్టింది. చెక్క నేల మీద పెద్దక్క బంతి పోగొట్టుకోదని అందరికీ తెలిసింది. ఆ హాల్లో మిల్లు మీద ఆడినప్పుడు మా అమ్మాయి మూడు పాయింట్ల తేడాతో ఓడి, ఆవిడ భుజం మీద చెయ్యేసుకుని బయటికొచ్చింది. ఎంపికకి పిలిచిన ఇరవై నాలుగు మందిలో పేరుంది. పన్నెండు మందిని తీసుకున్నారు. తొమ్మిదోది మా నిచ్చెన.

ఆ ఫలితం తెలిసిన మర్నాడు షెడ్డు తెరిచేసరికి, గుర్తులున్న తలుపులన్నీ బయటికి తిరిగి ఉన్నాయి. పద్దెనిమిది. వరసగా, తెల్లగా.

"ఇవెవరు తిప్పారు?"

"చెయ్యి అందేవాళ్ళు" అంది మా ఆవిడ. నేను ఒకదాన్ని పట్టుకోబోతే, "ముట్టుకోకు" అంది.

పదిగంటలకి ఒకాయన వచ్చాడు. ఇల్లు కట్టుకుంటున్నాడట. ముందున్న తలుపు మీది గుర్తు మీద వేలు పెట్టి, "ఇదేంటండీ?" అన్నాడు. నా చెయ్యి దానంతటదే చెవి దాకా వెళ్ళింది. అటక కింద నిలబడి ఉన్న మా అమ్మాయి చూసింది.

"కింద నాలుగంగుళాలు పుచ్చుందండీ" అంది. "అంతవరకు కోసేస్తే మిగతాది మీ మనవలు కూడా వాడుకోవచ్చు. కొట్టి చూడండి."

ఆయన కొట్టి చూశాడు. చుట్టూ తిరిగాడు. అదే కావాలన్నాడు.

వానాకాలం ముగిసేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: యాభై ఒక్క తలుపులు, అందులో పదిహేడింటికి బయటి వైపే గుర్తులు. అదే రేకుల షెడ్డు, కారేది ఇప్పుడు నాలుగుచోట్ల. అదే భార్య. జట్టు శిబిరం నుంచి వచ్చి నెలకి నాలుగు రోజులు మాత్రమే ఇంట్లో ఉండే కూతురు, ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడే కూతురు. టికెట్ల కిటికీ దగ్గర లైన్లో నిలబడితే, దాని వెనకనుంచి పిలిచి మోకాళ్ళ సంగతి చెప్పే ఒక స్నేహితురాలు, మా ఇద్దరికీ. గుండ్రటి కిటికీ ఇంకా అమ్ముడుపోలేదు.

పోయింది ఒక్కటే. నా కుడిచెవి ఇక దేనికీ పనికిరాదు, దురద పుడితే గోక్కోడానికి తప్ప.